బాట్లను ఆపాలి, కస్టమర్లను కాదు: చిన్న వెబ్‌సైట్‌ని కాపాడుకునే పద్ధతి

నేను చూసుకునే వెబ్‌సైట్లన్నీ చిన్నవే. మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు, గుంటూరులో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒక కుటుంబం, తెనాలిలో ఒక ట్యూషన్ సెంటర్, ఇలాంటివి. దాదాపు అన్నీ వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేసినవే, ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో నడుస్తున్నవే. సెక్యూరిటీ మాట ఎత్తగానే ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మన సైట్‌ని హ్యాక్ చేస్తే వాళ్ళకేం వస్తుందమ్మా?"

మన చీరలతో, ఆవకాయతో వాళ్ళకి పని లేదు. వాళ్ళకి కావలసింది మన సర్వర్. అది చేతికి చిక్కితే దాంట్లోంచి స్పామ్ మెయిళ్ళు పంపుతారు, బ్యాంకు పేజీలకి నకిలీలు పెడతారు, జూదం సైట్ల లింకులు మన పేజీల్లో కనపడకుండా దాస్తారు, అక్కడి నుంచే ఇంకొకరి సైట్ మీద దాడికి దిగుతారు. ఇదంతా ఎవరో కూర్చుని మనల్ని ఎంచుకుని చేసే పని కాదు. వీధిలో ప్రతి ఇంటి గొళ్ళెం లాగి చూసుకుంటూ పోయే దొంగలా బాట్ అనే ఒక ప్రోగ్రాం ఇంటర్నెట్ అంతా తిరుగుతుంటుంది, ఏ తలుపు తెరుచుకుంటే అందులో దూరుతుంది. 2013 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా వర్డ్‌ప్రెస్ సైట్ల మీద జరిగిన పెద్ద దాడి ఇలాంటిదే. వేల కొద్దీ కంప్యూటర్ల నుంచి "అడ్మిన్" అనే యూజర్‌నేమ్‌కి రకరకాల పాస్‌వర్డ్‌లు కొట్టి చూశారు. సైట్ చిన్నదా పెద్దదా అని ఎక్కడా చూడలేదు.

అయితే కాపలా ఎంత గట్టిగా పెట్టినా, దానివల్ల చీర కొనడానికి వచ్చిన మనిషి వెనక్కి వెళ్ళిపోతే మనం చేసింది కాపాడడం కాదు. నేను ఏ సెట్టింగ్ మార్చినా దీన్నే కొలబద్దగా పెట్టుకుంటాను. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చదవండి.

ముందు లాగ్ చదవండి

సైట్‌కి అదనపు సదుపాయాలు తగిలించే ప్లగిన్ల జోలికి వెళ్ళకముందే, సైట్‌కి ఎవరెవరు వచ్చారో రాసుకునే చిట్టా, అంటే యాక్సెస్ లాగ్ తెరవండి. మీ హోస్టింగ్‌లో సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్ ఉంటే మెట్రిక్స్ అనే భాగంలో రా యాక్సెస్ అని ఉంటుంది, అక్కడ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఒక్కో లైనులో ఒక్కో రిక్వెస్ట్ ఉంటుంది: ఏ ఐపీ అడ్రస్ (నెట్‌లో కంప్యూటర్‌కి ఉండే చిరునామా) నుంచి వచ్చింది, ఎప్పుడు, ఏ పేజీ అడిగింది, సర్వర్ ఏ నంబరుతో జవాబిచ్చింది, వచ్చినవాడు తాను ఏ బ్రౌజర్‌నని చెప్పుకున్నాడు. టైమ్ మాత్రం చాలాసార్లు మన టైమ్ ఉండదు. ప్రపంచ ప్రామాణిక టైమ్ అయిన యూటీసీలో ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోకపోతే అర్ధరాత్రి జరిగినదాన్ని సాయంత్రం జరిగిందనుకుని తప్పు దారిలో వెతుకుతారు.

మొదట డబ్ల్యూపీ-లాగిన్ డాట్ పీహెచ్‌పీ అనే పేరు ఉన్న లైన్లు వెతకండి. వాటిలో "పోస్ట్" అని ఉన్నవి పాస్‌వర్డ్ కొట్టిన ప్రయత్నాలు. అక్కడ 200 నంబరు కనిపిస్తే చాలామంది కంగారు పడతారు, 200 అంటే అంతా సవ్యంగా జరిగిందని కదా అర్థం. వర్డ్‌ప్రెస్ లాగిన్ దగ్గర మాత్రం తీరు వేరు. పాస్‌వర్డ్ తప్పైతే అదే పేజీని ఎర్రర్‌తో మళ్ళీ చూపిస్తుంది, అందుకని 200 పడుతుంది. పాస్‌వర్డ్ సరిపోతే డ్యాష్‌బోర్డ్‌కి పంపుతుంది, అప్పుడు పడేది 302. కాబట్టి వందల 200ల మధ్యలో మీకు తెలియని ఐపీ నుంచి ఒక్క 302 కనిపించినా ఆగి చూడాల్సింది అదే.

తర్వాత 404లు చూడండి. మీ సైట్‌లో లేనే లేని ఫైళ్ళని ఎవరో వరసగా అడుగుతుంటారు. డాట్ ఈఎన్‌వీ, డాట్ గిట్, పీహెచ్‌పీమైఅడ్మిన్, ఎప్పుడో తీసిపెట్టిన బ్యాకప్ జిప్‌ల పేర్లు కనిపిస్తాయి. ఇవి దొరికితే డేటాబేస్ పాస్‌వర్డో, డేటాబేస్‌లోకి దారో చేతికి రావొచ్చని బాట్‌కి తెలుసు. ఈ లైన్లు చూసి భయపడక్కర్లేదు. కానీ వాళ్ళు అడిగిన ఫైళ్ళలో ఏదైనా 404 కాకుండా 200 ఇచ్చిందేమో చూడండి. పాత డెవలపర్ ఎవరో సైట్ మొత్తాన్ని జిప్ చేసి పబ్లిక్ ఫోల్డర్‌లోనే వదిలేసి వెళ్ళడం నేను చూశాను. ఆ జిప్ తీసేయడం ఏ ఫైర్‌వాల్ కంటే ముందు చేయాల్సిన పని.

పాస్‌వర్డ్ లెక్క

2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి, ఎన్‌క్రిప్ట్ కూడా చేయకుండా పెట్టుకున్నారు. అందులో మళ్ళీ మళ్ళీ వచ్చినవి తీసేస్తే మిగిలిన సుమారు 1 కోటి 43 లక్షల పాస్‌వర్డ్‌ల జాబితా ఇప్పటికీ దాడులు చేసేవాళ్ళ చేతిలో ఉంది.

ఒక లెక్క వేద్దాం. మీ లాగిన్ పేజీలో ఒక ఐపీకి 15 నిమిషాలకి 5 ప్రయత్నాలే అని హద్దు పెట్టారు. రోజుకి 480. ఆ జాబితా మొత్తం కొట్టి చూడడానికి ఒక్క ఐపీకి 81 ఏళ్ళు పడుతుంది. హమ్మయ్య అనిపిస్తుంది. కానీ ఇప్పటి దాడి ఒక్క ఐపీ నుంచి రాదు. వెయ్యి అడ్రస్‌ల నుంచి తలా కొంచెం పంచుకుని వస్తే అదే పని 30 రోజుల్లో అయిపోతుంది. ఏ ఒక్క అడ్రస్ కూడా మీ హద్దు దాటదు కాబట్టి ప్లగిన్‌కి అనుమానం కూడా రాదు. అంటే ప్రయత్నాలకి హద్దు పెట్టడం అవసరమే కానీ అది ఒక్కటే చాలదు. మీ పాస్‌వర్డ్ అసలు ఏ జాబితాలోనూ లేనిదై ఉండాలి.

మనవాళ్ళు పెట్టే పాస్‌వర్డ్‌లు నాకు బాగా తెలుసు. దేవుడి పేరు, ఒక "ఎట్" గుర్తు, 123. లేదంటే కొట్టు పేరు, పక్కన ఈ ఏడాది నంబరు. సైట్‌లో ఉన్న మాటలన్నీ ఏరి, వాటికి ఇలాంటి తోకలు తగిలించి జాబితా తయారుచేసే టూల్స్ ఉన్నాయి. మీ హోమ్ పేజీలో కనిపించే ఏ మాటా పాస్‌వర్డ్‌లో ఉండకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే పొడుగ్గా ఉంటుంది, గుర్తూ ఉంటుంది. అంతకంటే మేలు, బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకుని దాన్నే తయారుచేయమనడం. మూడు నెలలకోసారి మార్చాలన్న పాత నియమం వదిలేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అలా ఊరికే మార్పించవద్దని చెప్పింది. ఎందుకంటే మార్చమంటే జనం చివరి అంకె ఒకటి పెంచి ఊరుకుంటారు. లీకైందని తెలిసినప్పుడు మాత్రం ఆ నిమిషమే మార్చండి. హ్యావ్ ఐ బీన్ ప్వోన్డ్ అనే సైట్‌లో మీ ఈమెయిల్ ఏయే లీకుల్లో ఉందో ఉచితంగా చూసుకోవచ్చు.

యూజర్‌నేమ్ గురించి కూడా ఒక మాట. "అడ్మిన్" తీసేసి వేరే పేరు పెట్టడం మంచిదే, కానీ అది రహస్యంగా ఉంటుందని నమ్ముకోకండి. సైట్ అడ్రస్ చివర ప్రశ్న గుర్తు పెట్టి "ఆథర్ ఈక్వల్స్ 1" అని కొడితే చాలా వర్డ్‌ప్రెస్ సైట్లు ఆ పేరు చెప్పేస్తాయి. ప్రోగ్రాంలు సైట్ నుంచి సమాచారం అడిగే దారి అయిన రెస్ట్ ఏపీఐలో యూజర్ల జాబితా అడిగినా పోస్టులు రాసినవాళ్ళ పేర్లు వచ్చేస్తాయి. అందుకే పోస్టులు, ఉత్పత్తులు పెట్టడానికి ఎడిటర్ లేదా షాప్ మేనేజర్ స్థాయి అకౌంట్ ఒకటి వాడండి, అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తో ఏదీ ప్రచురించకండి.

ఇక్కడే అసలు రోగం ఒకటుంది. ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఫొటోలు తీసే అబ్బాయికి, యాడ్స్ చూసే కుర్రాడికి, బిల్లింగ్ చూసే అమ్మాయికి వాట్సాప్‌లో వెళ్ళిపోయి ఉంటుంది. వాళ్ళలో ఎవరి ఫోన్ పోయినా సైట్ పోయినట్టే. ఒక్కొక్కరికీ వాళ్ళ పనికి సరిపడా హక్కులతో విడి అకౌంట్ ఇవ్వండి. పని మానేసిన రోజే ఆ అకౌంట్ తీసేయండి.

పాస్‌వర్డ్ తర్వాత ఇంకో మెట్టు

టూ ఫ్యాక్టర్ పెట్టండి. చిన్న సైట్‌కి ఒక్క పని మాత్రమే చేసే తీరిక ఉందంటే నేను ఇదే చేయమంటాను. పాస్‌వర్డ్ దొరికిపోయినా ఫోన్‌లోని యాప్ చూపించే ఆరంకెల కోడ్ లేకుండా లోపలికి రాలేరు. ఆ కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోన్‌లో టైమ్ సరిగ్గా ఉంటే చాలు. ఎస్ఎంఎస్ కోడ్ కంటే ఇదే మంచిది, ఎందుకంటే మన నంబరు మీద ఇంకో సిమ్ తీసుకుని ఎస్ఎంఎస్‌లు కాజేసే మోసం మన దగ్గర కొత్తేమీ కాదు. వర్డ్‌ప్రెస్‌కి టూ ఫ్యాక్టర్ అనే పేరుతోనే ఒక ఉచిత ప్లగిన్ ఉంది, వర్డ్‌ఫెన్స్ ఉచిత వెర్షన్‌లో కూడా ఉంది.

చీరల కొట్టు బాబాయ్ గారు "ఫోన్ పోతే నా సైట్‌లోకి నేనే వెళ్ళలేనా అమ్మా?" అని టెన్షన్ పడ్డారు. న్యాయమైన ప్రశ్నే. టూ ఫ్యాక్టర్ పెట్టేటప్పుడు బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో జీఎస్టీ కాగితాలతో పాటు పెట్టించాను. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే ఉపయోగం లేదు, పోయేది ఆ ఫోనే కదా.

సైట్‌కి పెట్టి ఊరుకోకండి. హోస్టింగ్ అకౌంట్‌కి, డొమైన్ కొన్న చోట అకౌంట్‌కి, వీటన్నిటి పాస్‌వర్డ్‌లూ రీసెట్ చేయగల ఈమెయిల్‌కి కూడా పెట్టండి. సైట్‌కి ఎన్ని పెట్టినా ఈమెయిల్ తెరుచుకుంటే అన్నీ తెరుచుకున్నట్టే.

ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే పాత దారి

లాగిన్ పేజీకి అన్నీ పెట్టాక కూడా లాగ్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ డాట్ పీహెచ్‌పీ అని వరసగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. బయటి యాప్‌ల నుంచి సైట్‌లో పోస్టులు పెట్టడానికి వర్డ్‌ప్రెస్‌లో మొదటి నుంచీ ఉన్న దారి ఇది. ఇక్కడ కూడా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి చూడొచ్చు. 2015లో ఒకే రిక్వెస్ట్‌లో వందల పాస్‌వర్డ్‌లు పెట్టి పంపే దాడులు బయటపడ్డాయి. లాగ్‌లో ఒక్క లైను పడుతుంది, లోపల జరిగేది వందల ప్రయత్నాలు. ఆ కిటుకుకి వర్డ్‌ప్రెస్ తర్వాత అడ్డు వేసింది కానీ, మామూలుగా ఒక్కొక్కటిగా కొట్టడానికి దారి అలాగే ఉంది. దీన్లో ఒక సైట్ ఇంకో సైట్‌కి "మీ పేజీకి లింక్ ఇచ్చాను" అని కబురు పంపే పింగ్‌బ్యాక్ సదుపాయాన్ని వాడుకుని 2014లో 1,62,000 మామూలు వర్డ్‌ప్రెస్ సైట్లతో ఒక సైట్ మీద దాడి చేయించారు. ఆ సైట్ల ఓనర్లకి ఆ సంగతే తెలియదు.

జెట్‌ప్యాక్ ప్లగిన్ వాడకపోతే, బయటి యాప్‌ల నుంచి పోస్టులు పెట్టకపోతే, ఈ ఫైలుకి దారి మూసేయండి. సర్వర్‌కి సూచనలు రాసే హెచ్‌టీయాక్సెస్ ఫైలులో దీనికి నాలుగు లైన్లు చాలు. మీకు చేతకాకపోతే హోస్టింగ్ సపోర్ట్‌కి "ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ బ్లాక్ చేయండి" అని టికెట్ పెట్టండి, చేస్తారు. ప్లగిన్‌తో మూస్తే రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ వర్డ్‌ప్రెస్ మొత్తం లేచి "లేదు" అని చెప్పాలి. సర్వర్ దగ్గరే మూస్తే ఆ భారం ఉండదు. షేర్డ్ హోస్టింగ్‌లో ఈ తేడా చాలా పెద్దది. ఒక సైట్‌లో ఎవరూ లోపలికి రాకపోయినా కేవలం ఈ ప్రయత్నాల ధాటికి సీపీయూ హద్దు దాటిందని హోస్టింగ్ వాళ్ళు అకౌంట్ ఆపేశారు, అదీ శ్రావణ మాసం అమ్మకాల మధ్యలో.

లాగిన్ పేజీ అడ్రస్ మార్చే ప్లగిన్ల గురించి చాలామంది అడుగుతారు. మార్చుకోండి, లాగ్‌లో గోల తగ్గుతుంది, సర్వర్‌కి కాస్త ఊపిరాడుతుంది. దాన్ని చూసుకుని పాస్‌వర్డ్ బలహీనంగా ఉంచకండి, అంతే.

ఐపీలు బ్లాక్ చేసే ముందు

లిమిట్ లాగిన్ అటెంప్ట్స్ రీలోడెడ్ లాంటి ప్లగిన్ పెట్టగానే రోజూ బ్లాకైన ఐపీల జాబితా వస్తుంది. వాటన్నిటినీ శాశ్వతంగా నిషేధించాలని చేతులు దురద పెడతాయి. వద్దు. మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనక చాలామంది వినియోగదారులు ఉంటారు. ఒకడి ఫోన్‌లో వైరస్ ఉందని ఆ అడ్రస్‌ని ఎప్పటికీ మూసేస్తే, రేపు అదే అడ్రస్ పడిన మామూలు కస్టమర్‌కి సైట్ తెరుచుకోదు. వాళ్ళు మనకి ఫోన్ చేసి చెప్పరు, ఇంకో కొట్టుకి వెళ్ళిపోతారు. ఇరవై నిమిషాలో గంటో ఆపితే బాట్ పని కుంటుపడుతుంది, మనిషికి పెద్ద నష్టం ఉండదు. నిషేధం లాగిన్ పేజీ వరకే పెట్టగలిగితే ఇంకా మంచిది.

దేశాలు బ్లాక్ చేయడం కూడా అంతే. "మనం అమ్మేది ఇండియాలోనే కదా, మిగతా దేశాలన్నీ ఆపేయ్" అంటారు. మంగళగిరి చీరలకి డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఆర్డర్లు వస్తాయి. అక్కడున్న కూతురు ఇక్కడున్న అమ్మకి చీర పంపిస్తుంది. దేశం హద్దు లాగిన్ పేజీకి పెట్టండి, కొట్టుకి పెట్టకండి. అడ్మిన్‌గా లాగిన్ అయ్యేవాళ్ళు ఎక్కడున్నారో మనకి తెలుసు కాబట్టి అక్కడ హద్దు పెడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కస్టమర్ల అకౌంట్లకి వేరే లాగిన్ పేజీ ఉంటే దాని మీద ఈ హద్దు పడకుండా చూసుకోండి.

క్లౌడ్‌ఫ్లేర్ ముందు పెట్టడం

సైట్‌కి వచ్చే రిక్వెస్ట్‌లని మన సర్వర్ కంటే ముందే తన దగ్గర వడపోసే సేవ క్లౌడ్‌ఫ్లేర్. దాని ఉచిత ప్లాన్ సైట్ ముందు పెడితే చాలా దాడి మన సర్వర్ దాకా రాదు. డొమైన్ కొన్న చోట నేమ్‌సర్వర్లు మార్చాలి. మార్చే ముందు పాత డీఎన్‌ఎస్ రికార్డులన్నీ (మన డొమైన్ పేరుకి వచ్చినవి ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేవి) అక్కడికి వచ్చాయో లేదో ఒక్కొక్కటీ పోల్చుకోండి, ముఖ్యంగా ఎంఎక్స్ రికార్డులు. అవి తప్పిపోతే సైట్ బాగానే ఉంటుంది, మెయిళ్ళు ఆగిపోతాయి, ఎందుకు ఆగాయో తెలియడానికి టైమ్ పడుతుంది. ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్ ఉండే ఎస్ఎస్ఎల్ దగ్గర "ఫుల్ స్ట్రిక్ట్" ఎంచుకోండి. "ఫ్లెక్సిబుల్" పెడితే క్లౌడ్‌ఫ్లేర్ నుంచి మన సర్వర్‌కి వచ్చే దారిలో ఎన్‌క్రిప్షన్ ఉండదు, పైగా పేజీ తనలోకి తానే తిరుగుతూ తెరుచుకోని ఇబ్బంది కూడా తరచుగా వస్తుంది.

ఉచిత ప్లాన్‌లో ఐదు కస్టమ్ రూల్స్ రాసుకోవచ్చు. నేను రాసే మొదటి రూల్: అడిగింది లాగిన్ పేజీ అయి, దేశం ఇండియా కాకపోతే చాలెంజ్ (వచ్చింది మనిషేనా అని తేల్చే పరీక్ష) చూపించు. రెండోది: ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ అడిగితే బ్లాక్. మూడోది: డాట్ ఈఎన్‌వీ, డాట్ గిట్ లాంటివి అడిగితే బ్లాక్. మిగతా రెండూ అవసరం వచ్చినప్పటికి అట్టిపెట్టుకుంటాను.

బాట్ ఫైట్ మోడ్ అనే స్విచ్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఆన్‌లైన్ పేమెంట్ జరిగాక పేమెంట్ గేట్‌వే మన సైట్‌కి "డబ్బు వచ్చింది" అని కబురు పంపుతుంది, దాన్ని వెబ్‌హుక్ అంటారు. ఆ కబురు తెచ్చేది కూడా ప్రోగ్రామే. ఈ మోడ్ దాన్ని చెడ్డ బాట్ అనుకుని ఆపితే, కస్టమర్ ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, మన దగ్గర ఆర్డర్ "పెండింగ్" అనే ఉంటుంది. ఉచిత ప్లాన్‌లో కస్టమ్ రూల్ రాసి ఈ మోడ్ నుంచి దానికి మినహాయింపు ఇవ్వడం కుదరదు. అందుకని అమ్మకాలు జరిగే సైట్లలో నేను దాన్ని ఆపే ఉంచుతాను. ఏ రూల్ మార్చినా వెంటనే ఫోన్‌లో మొబైల్ డేటా మీద, లాగిన్ కాకుండా, రూపాయి ధర పెట్టిన ఒక ఉత్పత్తిని యూపీఐతో కొని చూడండి. ఆర్డర్ మెయిల్ వచ్చేదాకా పని అయినట్టు కాదు.

క్లౌడ్‌ఫ్లేర్ పెట్టాక ఇంకో మెలిక ఉంది. సర్వర్ లాగ్‌లో కస్టమర్ల ఐపీలకి బదులు క్లౌడ్‌ఫ్లేర్ ఐపీలు కనిపించవచ్చు. అలా ఉండగా ఐపీలు బ్లాక్ చేసే ప్లగిన్ నడిస్తే అది క్లౌడ్‌ఫ్లేర్‌నే బ్లాక్ చేస్తుంది, సైట్ అందరికీ ఆగుతుంది. ప్లగిన్ సెట్టింగ్స్‌లో "అసలు ఐపీ ఎక్కడి నుంచి తీసుకోవాలి" అనే చోట క్లౌడ్‌ఫ్లేర్ హెడర్ ఎంచుకోండి.

ఫారాలు, ఓటీపీలు, హాల్ టికెట్లు

పాస్‌వర్డ్ పేజీ ఒక్కటే లక్ష్యం అనుకుంటే పొరపాటు. పచ్చళ్ళ సైట్‌కి క్యాష్ ఆన్ డెలివరీ దొంగ ఆర్డర్లు ఎక్కువ. ప్యాక్ చేసి కొరియర్‌కి ఇచ్చాక ఆ అడ్రసే లేదని డబ్బా తిరిగొస్తుంది, రెండు వైపులా ఖర్చు మనదే. ఫారంలో మనుషులకి కనపడని ఒక గడి పెట్టండి, దాన్ని హనీపాట్ అంటారు. బాట్ అన్ని గడులూ నింపుతుంది, ఆ గడి నిండి వస్తే ఆర్డర్ తీసుకోకండి. కళ్ళు కనపడనివాళ్ళు స్క్రీన్ రీడర్‌తో చదివేటప్పుడు, కీబోర్డ్‌తో కదిలేటప్పుడు ఆ గడి తగలకుండా దాచడం మరిచిపోకండి. ఫారం తెరిచిన రెండు సెకన్లలో నిండి వస్తే అదీ అనుమానించాల్సిందే. బొమ్మల్లో బస్సులు వెతికించే క్యాప్చాలు నాకు నచ్చవు, పెద్దవాళ్ళు మధ్యలో వదిలేస్తారు. క్లౌడ్‌ఫ్లేర్ 2022లో తెచ్చిన టర్న్‌స్టైల్ చాలాసార్లు ఏమీ అడగకుండానే తేల్చేస్తుంది, దాన్నే పెడుతున్నాను.

ఓటీపీ పంపే ఫారం ఉంటే అది ఇంకా ప్రమాదం. ప్రతి ఎస్ఎంఎస్‌కీ డబ్బులు మనవి. పైగా ఎవరో ఒకరి ఫోన్‌కి వందల మెసేజ్‌లు పంపి విసిగించడానికి మన ఫారాన్ని వాడుకుంటారు. ఒక నంబరుకి గంటకి మూడు, ఒక ఐపీకి గంటకి ఇన్ని అని హద్దు పెట్టండి, టర్న్‌స్టైల్ దాటాకే మెసేజ్ వెళ్ళేలా చూడండి. కోడ్ సరిచూసే చోట కూడా హద్దు కావాలి. నాలుగంకెల ఓటీపీ అంటే ఉన్నవి 10,000 మాత్రమే, హద్దు లేకపోతే ప్రోగ్రాం అన్నీ కొట్టి చూసేస్తుంది. ఆరంకెలు పెట్టండి, ఐదు తప్పులకి ఆపండి. కొత్త ఓటీపీ అడిగినంత మాత్రాన ఆ తప్పుల లెక్క మళ్ళీ సున్నా కాకూడదు. చాలా ప్లగిన్లలో దొర్లే లోపం ఇదే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది స్కూళ్ళు, ట్యూషన్ సెంటర్లు పెట్టే రిజల్ట్ పేజీలు. హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ కొడితే మార్కులు, ఫొటో, తల్లిదండ్రుల ఫోన్ నంబరు అన్నీ వచ్చేస్తాయి. హాల్ టికెట్ నంబర్లు వరసలో ఉంటాయి. ఒక తరగతి పిల్లల పుట్టిన తేదీలు మహా అయితే మూడేళ్ళ పరిధిలో ఉంటాయి, అంటే 1,100 లోపే. ఒక్కో నంబరుకి అన్ని తేదీలూ కొట్టి చూడడం ప్రోగ్రాంకి క్షణాల పని. పుట్టిన తేదీని పాస్‌వర్డ్‌గా వాడకండి. ఒక్కో పిల్లవాడికీ అక్షరాలు, అంకెలు కలిపిన ఒక కోడ్ తయారుచేసి ఇంటికి స్లిప్పు మీద పంపండి. ఒక హాల్ టికెట్ మీద ఐదు తప్పులు పడగానే ఆపేయండి, అవి ఏ ఐపీ నుంచి వచ్చినా సరే. ఇంకా, మార్కులు చూపించే పేజీలో ఫోన్ నంబరుతో పనేంటి? తీసేయండి. పేజీలో లేని వివరాన్ని ఆ పేజీ నుంచి ఎవరూ ఎత్తుకుపోలేరు.

అన్ని బాట్లూ ఒకటి కాదు

గూగుల్‌బాట్‌ని ఆపితే మీ చీరలు సెర్చ్‌లో కనిపించవు. కానీ గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకుని దొంగ బాట్లు కూడా వస్తాయి. అసలుదో కాదో తేల్చడానికి ఆ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ చూడండి, అంటే ఐపీ నుంచి దాని పేరు వెతకండి. వచ్చే పేరు గూగుల్‌బాట్ డాట్ కామ్‌తోనో గూగుల్ డాట్ కామ్‌తోనో ముగియాలి, ఆ పేరుని తిరిగి వెతికితే మళ్ళీ అదే ఐపీ రావాలి.

ఏ పేజీల్లోకి రావద్దో బాట్లకి చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు 1994 నుంచి ఉన్న ఒక మర్యాద ఒప్పందం. మంచి బాట్లు పాటిస్తాయి, చెడ్డవి చూడను కూడా చూడవు. అందులో "ఈ రహస్య ఫోల్డర్‌లోకి రావద్దు" అని రాస్తే ఆ ఫోల్డర్ ఎక్కడుందో మనమే చెప్పినట్టవుతుంది. దాన్ని బరువు తగ్గించుకోవడానికి వాడండి. చీరల సైట్‌లో రంగు, ధర, నేత రకం, అంచు అని ఫిల్టర్లు ఉంటాయి కదా, వాటి కలయికలు వేలల్లో ఉంటాయి. పేజీలన్నీ చదువుతూ తిరిగే బాట్లు, అంటే క్రాలర్లు, వాటన్నిటినీ వరసగా తెరుస్తూ ప్రతిసారీ డేటాబేస్‌ని కదిలిస్తాయి. ఫిల్టర్ అడ్రస్‌లని, కార్ట్‌లో వేసే లింకులని అక్కడ వద్దనండి. ఏఐకి పనికొచ్చే డేటా పోగుచేసే క్రాలర్లు వద్దనుకుంటే జీపీటీబాట్, క్లాడ్‌బాట్, సీసీబాట్ పేర్లు రాయండి. ఈ ఫైలుని పాటిస్తామని వాటి సంస్థలు ప్రకటించాయి. మాట విననివాటిని క్లౌడ్‌ఫ్లేర్ రూల్‌తో ఆపాలి.

సొంత వీపీఎస్ ఉన్నవాళ్ళకి

వీపీఎస్ అంటే మనమే నడుపుకునే అద్దె సర్వర్. క్లుప్తంగా చెబుతాను. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి కీ ఫైలుతోనే రండి, అన్ని హక్కులూ ఉండే రూట్ అకౌంట్‌తో నేరుగా రానివ్వకండి. మార్పు చేసేటప్పుడు ఉన్న కనెక్షన్ మూయకుండా రెండో విండోలో లాగిన్ అయి చూసుకోండి. ఫెయిల్‌టూబ్యాన్ పెట్టండి, మామూలుగా అది 10 నిమిషాల్లో 5 తప్పులు చేసినవాణ్ణి 10 నిమిషాలు ఆపుతుంది, అది చాలు. మార్పులు జైల్ డాట్ లోకల్ ఫైలులో రాయండి, అప్‌డేట్లకి చెరిగిపోవు.

లోపలికి వచ్చేశారని తెలిస్తే

సైట్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టి, ఏదీ తుడిచేయకముందే లాగ్‌లు, ఫైళ్ళు, డేటాబేస్ ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఎలా వచ్చారో చెప్పేవి అవే. తర్వాత యూజర్ల జాబితాలో మీకు తెలియని అడ్మిన్‌లను తీసేయండి, అందరి పాస్‌వర్డ్‌లూ మార్చండి, బయటి యాప్‌ల కోసం యూజర్ ప్రొఫైళ్ళలో ఉండే అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు కూడా రద్దు చేయండి. వాటికి టూ ఫ్యాక్టర్ అడ్డు రాదు కాబట్టి దాడి చేసినవాళ్ళు అక్కడ ఒకటి పెట్టుకుని పోయే వీలుంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులోని సాల్ట్ కీలు మార్చితే లాగిన్ అయి ఉన్నవాళ్ళందరూ ఒకేసారి బయటికి వచ్చేస్తారు. డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా మార్చండి.

ఆపైన దాడికి ముందు తీసిన బ్యాకప్ వెనక్కి తెచ్చుకోండి. బ్యాకప్ అదే హోస్టింగ్‌లో ఉంటే సైట్‌తో పాటు అదీ పోతుంది, అందుకని అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్‌తో గూగుల్ డ్రైవ్‌కి వెళ్ళేలా ముందే పెట్టుకోండి. ఒకసారైనా ఖాళీ సబ్‌డొమైన్‌లో దాన్ని తెరిచి చూసి ఉండాలి. వాడని ప్లగిన్లని డీయాక్టివేట్ చేసి వదిలేయకండి, డిలీట్ చేయండి. ఆపేసినా ఫైళ్ళు సర్వర్ మీద ఉన్నంతకాలం బయటి నుంచి వాటిని పిలవొచ్చు.

కస్టమర్ల వివరాలు బయటికి పోయాయని అనుమానం ఉంటే వాళ్ళకి మెసేజ్ పెట్టి చెప్పండి. ఏమేం పోయి ఉండొచ్చో, మీ పేరు మీద ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పవద్దని సూటిగా రాయండి. ఎవరి డబ్బైనా పోతే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. మన కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనల్ని తెలిసిన 6 గంటల్లో వాళ్ళకి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. షేర్డ్ హోస్టింగ్‌లో లాగ్‌లు చాలాచోట్ల కొద్ది రోజులకే చెరిగిపోతాయి. సీప్యానెల్ రా యాక్సెస్ పేజీలోనే లాగ్‌లని హోమ్ ఫోల్డర్‌లో దాచిపెట్టే టిక్ ఒకటి ఉంటుంది. పక్కనే పాత నెల లాగ్‌లని తీసేసే టిక్ కూడా ఉంటుంది. మొదటిది పెట్టి, రెండోది తీసేయండి.